డెట్రాయిట్ ముందే విన్న గొంతు

చిన్నప్పుడు మేం డెట్రాయిట్‌కు ఉత్తరాన, పాంటియాక్ దగ్గర ఉండేవాళ్లం. నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. మా వీధిలో చాలా ఇళ్లకు కార్ల ప్లాంట్లే తిండి పెట్టేవి. పక్కింటాయన షిఫ్టు దిగి వచ్చి, గరాజ్ తలుపెత్తి రేడియో పెట్టాడంటే వీధంతా వినాల్సిందే. అందులో తరచూ వినపడేది రాక్ గాయకుడు బాబ్ సెగర్ గొంతు. యంత్రాల హోరు మీదుగా అరిచి అరిచి అరిగినట్టుండేది. నాకు ఇంగ్లీషు పాట మీద ప్రేమ కలిగించింది ఆ గొంతే.

సెగర్ డెట్రాయిట్‌లో పుట్టాడు, ఆన్ ఆర్బర్‌లో పెరిగాడు. తండ్రి ఫోర్డ్ ఉద్యోగి. కొడుక్కి పదేళ్లప్పుడు ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. 1968 చివర్లో వచ్చిన 'రాంబ్లిన్ గ్యాంబ్లిన్ మ్యాన్' పాట ఒక్కటే దేశమంతా వినిపించింది. ఆ తర్వాత ఎన్ని ఆల్బమ్‌లు తెచ్చినా మిషిగన్ దాటితే పట్టించుకున్నవాళ్లు తక్కువ. మావాళ్లు మాత్రం వదల్లేదు. 1974లో సిల్వర్ బుల్లెట్ బ్యాండ్ కట్టాడు: గిటారుకు డ్రూ అబాట్, బేస్‌కు క్రిస్ క్యాంప్‌బెల్, శాక్సఫోన్‌కు ఆల్టో రీడ్.

1975 సెప్టెంబరులో డెట్రాయిట్ కోబో హాల్‌లో జరిగిన కచేరీలే 1976లో 'లైవ్ బుల్లెట్' ఆల్బమ్‌గా వచ్చాయి. అందులో చాలావరకు పాత పాటలే. 'టర్న్ ద పేజ్' స్టూడియో రికార్డింగు 1973లోనే వచ్చింది, ఎవరికీ పట్టలేదు. కోబో హాల్‌లో రీడ్ శాక్సఫోన్ ఎత్తుకోగానే ఊరూరూ తిరిగే పాటగాడి ఒంటరితనం మొత్తం మన మీదికి వస్తుంది. ఆ పాటను పైకి లేపింది ఆ హాల్లోని జనం కూడా.

1976 జూన్ 26న పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియంలో సెగర్ పాడితే 70 వేలకు పైగా జనం. ఆ రోజుల్లోనే షికాగోలో పాడితే వెయ్యిమంది కూడా రాలేదు! పిల్లలమని మమ్మల్ని పంపలేదు గానీ, మర్నాడు వీధిలో ఎక్కడ విన్నా అదే మాట.

అక్టోబరులో 'నైట్ మూవ్స్' వచ్చింది, దేశం దారికొచ్చింది. 1978లో 'స్ట్రేంజర్ ఇన్ టౌన్'. 1980లో 'అగైనెస్ట్ ద విండ్' పింక్ ఫ్లాయిడ్ 'ద వాల్'ను దింపి మొదటి స్థానమెక్కింది. మా వీధికి అది పండగ కాలేదు. ప్లాంట్లలో లేఆఫులు మొదలయ్యాయి. పక్కింటాయన పని పోయి, కుటుంబంతో టెక్సస్ వెళ్లిపోయాడు.

'అగైనెస్ట్ ద విండ్' నునుపైన ఆల్బమ్, మంచిదే. కానీ నా లెక్కలో 'లైవ్ బుల్లెట్'కు సాటి రాదు. సెగర్‌ను కొత్తగా వినబోయేవాళ్లు 'లైవ్ బుల్లెట్'తోనే మొదలుపెట్టండి, రెండు ఎల్పీలూ వరసగా.