ఒక్కరేనా సార్?

ఆఫీసు పని మీద ఊరెళ్లినవాడికి పగలంతా ఆ ఊరు కనపడదు. ఏసీ గది, ప్రొజెక్టరు, కాగితం కప్పుల్లో కాఫీ... అంతే. సాయంత్రం ఆరు దాటి ఆకలేస్తే గానీ ఊరు గుర్తుకురాదు. నాలుగు రోజుల శిక్షణకని కాకినాడ నుంచి వచ్చిన ఓ ఉద్యోగికి లింగంపల్లి అలాగే పరిచయమైంది. మూడు రాత్రులు లాడ్జిలో, నాలుగో రాత్రి తిరుగు రైల్లో. నాలుగు పూటలా భోజనానికి తోడు ఎవరూ లేరు.

పొద్దున్నే గౌతమి ఎక్స్‌ప్రెస్ లింగంపల్లి చేరి ఖాళీ అవుతుంది. దిగినవాళ్ల భుజాన ల్యాప్‌టాప్ సంచీ, చేతిలో కాజాల డబ్బా. కొందరు ఆటోల వైపు, కొందరు ఎంఎంటీఎస్ వైపు పరుగు. చందానగర్, హఫీజ్‌పేట, ఆ తర్వాత హైటెక్ సిటీ... మూడంటే మూడు స్టేషన్లు. అద్దాల మేడలకు ముందు గుమ్మం ఎక్కడున్నా, పెరటి గుమ్మం మాత్రం లింగంపల్లే!

ఈ ఊరికి కొత్తవాళ్లు రావడం కొత్తేమీ కాదు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం జమానాలో 1874లో వేసిన రైలుదారి మీద ఉందిది. 1960ల్లో పక్కనే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం వచ్చింది. 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ పట్టాలెక్కింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ మహానగరంలో కలిసిపోయింది. ప్రతి మలుపులోనూ పని కోసం జనం వచ్చారు. వాళ్ల వెంటే వాళ్ల వంటలూ వచ్చాయి.

నలుగురి బల్ల... ఒక్కడి భోజనం

మొదటి రాత్రి అతను కొండాపూర్‌లో పెద్ద రెస్టరెంటుకి వెళ్లాడు. తలుపు తీసిన కుర్రాడు వెనక్కి తొంగి చూసి అడిగాడు... ‘ఒక్కరేనా సార్?’

ఒంటరిగా తిరిగే ఉద్యోగులందరికీ తెలిసిన ప్రశ్నే ఇది. తప్పుపట్టాల్సిందేమీ లేదు. కానీ ఆ మాట వినగానే ఏదో నేరం చేసినట్టు అనిపిస్తుంది. చేతులు కడుక్కునే చోటికి దగ్గరగా, నలుగురు కూర్చునే బల్ల చూపించారు. బిర్యానీ ఒక్కడికి ఎక్కువ, రెండు కూరలు తెప్పించుకుంటే సగం పారేయాలి. ఎదుటి ఖాళీ కుర్చీకేసి చూడలేక ఫోన్లోకి చూస్తూ తిన్నాడు. బిర్యానీ బాగానే ఉంది. ఏం తిన్నాడో మాత్రం లాడ్జికి వచ్చేసరికి గుర్తులేదు.

ఒంటరివాళ్ల కోసమే అన్నట్టు ఈ ప్రాంతంలో పుట్టుకొచ్చినవి కర్రీ పాయింట్లు. గదిలో కుక్కరు పెట్టుకుని అన్నం వండుకునే కుర్రకారుకి సాయంత్రం ఏడింటికి అవే దిక్కు. పప్పు, వేపుడు, సాంబారు... అన్నీ చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో, మూతికి రబ్బరు బ్యాండు. వాటిల్లో పచ్చిపులుసు పొట్లం చూసి కాకినాడ మనిషి ‘చారు కాయడం మర్చిపోయారా?’ అని అడిగితే కొట్టువాడు పకపకా నవ్వాడు. కాయకుండా చేస్తేనే అది పచ్చిపులుసు! చింతపండు పులుసులో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, నువ్వుల పొడి... పొయ్యి మీదికి వెళ్లేది పోపు ఒక్కటే.

పొద్దుటి పూట ఈ ఇబ్బందేమీ లేదు. టిఫిన్ బండి దగ్గర అందరూ ఒంటరివాళ్లే. ఇంజినీరూ, సెక్యూరిటీ గార్డూ పక్కపక్కనే నిలబడి ఇడ్లీ తింటారు. ఇరానీ హోటల్లో మాత్రం చిన్న చిక్కుంది. డికాక్షన్ వేరుగా మరిగించి, చిక్కగా కాచిన పాలు కలిపే ఆ చాయ్‌ని హైదరాబాదీలు ‘వన్ బై టూ’ చెప్పుకుంటారు. తోడులేనివాడు ఎవరితో పంచుకుంటాడు? ఉస్మానియా బిస్కెట్‌తోనే సరిపెట్టుకోవాలి.

కెంటకీ మొక్కజొన్న... రోడ్డు మీది మక్క కంకి

రెండో రాత్రి హైటెక్ సిటీ దగ్గర ఓ బార్‌కి వెళ్లాడు. మైక్రోబ్రూవరీలకు తెలంగాణ ప్రభుత్వం 2015లో అనుమతిచ్చాక, ఐటీ వాడల్లో అక్కడికక్కడే బీరు కాచే చోట్లూ వెలిశాయి. ఒంటరివాడికి బార్‌లో ఒక సౌకర్యముంది. కౌంటరు ముందు ఎత్తు బల్ల మీద కూర్చుంటే ‘ఒక్కరేనా’ అని ఎవరూ అడగరు.

గాజు అరలో వరసగా సీసాలు. వాటిలో బోర్బన్ ఒకటి. మనవాళ్లలో చాలామందికి బోర్బన్ అంటే చాక్లెట్ క్రీము బిస్కెట్టే. సీసాలో ఉండేది మాత్రం అమెరికా విస్కీ. కెంటకీ రాష్ట్రం దీనికి పేరుమోసింది. అక్కడి చట్టం ప్రకారం అందులో వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్నే ఉండాలి. లోపలంతా మంటతో కాల్చి నల్లగా చేసిన కొత్త ఓక్ పీపాలో నిలవ చేయాలి. ‘స్ట్రెయిట్’ అని రాసుకోవాలంటే కనీసం రెండేళ్లు పీపాలో మగ్గాలి. 1964లో అమెరికా కాంగ్రెస్ దీన్ని తమ దేశానికే ప్రత్యేకమైన సరుకుగా గుర్తించింది. 2025 ఫిబ్రవరిలో మనదేశం దీని దిగుమతి సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి తగ్గించింది. తగ్గిన తర్వాత కూడా గ్లాసు అడుగున ఉన్న రెండు గుటకల ఖరీదు చూస్తే గుటక పడదు!

రుచి బాగుంది. కాలిన చెక్క వాసన, చివర్లో కాస్త తీపి. కానీ అతన్ని ఆకట్టుకున్నది సీసా మీది చీటీ. ఏ ఊళ్లో తయారైందో, ఎన్నాళ్లు మగ్గిందో అందులో ఉంది. ఎక్కడో సముద్రాల అవతల రైతు పండించిన గింజ ఏ దారిన ఇక్కడికొచ్చిందో చదివి తెలుసుకోవచ్చు.

బయటికొస్తే పేవ్‌మెంటు మీద ఒకావిడ బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తోంది. నిమ్మచెక్కతో ఉప్పూకారం రుద్ది చేతికిచ్చింది. లోపల గ్లాసులో ఉన్నదీ, బయట బొగ్గుల మీద ఉన్నదీ ఒకే ధాన్యం. తెలుగువాళ్లు దానికి మొక్కజొన్న అని పేరుపెట్టి తమ జొన్నకు చుట్టాన్ని చేసేశారు.

చప్పట్లు వినిపించిన చోట

ఆ రాత్రే, లాడ్జికి నడిచి వస్తుంటే లింగంపల్లి రోడ్డు పక్కన చప్పట్ల చప్పుడు వినిపించింది. భజన కాదు... జొన్నరొట్టె! చెక్క పీట మీద పిండి ముద్ద పెట్టి, అరచేత్తో తడుతూ తిప్పుతోంది ఒక పెద్దమ్మ. మూడు నిమిషాల్లో ముద్ద కాస్తా పళ్లెమంత అయింది. పక్కన గిన్నెల్లో బోటి కూర, తలకాయ కూర, పప్పు, ఎల్లిపాయ కారం.

‘ఎన్ని రొట్టెలు గావాలె?’

అడిగింది అదొక్కటే. ఎందరొచ్చారని అడగలేదు. ఇక్కడ బల్లలు లేవు, బెంచీ ఒకటే. పక్కన ఆటోడ్రైవరు, అవతల మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న అమ్మాయి.

గోధుమ పిండికున్న జిగురు జొన్నపిండికి లేదు. కర్రతో ఒత్తితే అంచులు చీలిపోతాయి. అందుకే మరిగే నీళ్లు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండి కొంత ఉడికి ముద్ద కడుతుంది. పెనం మీద వేశాక పైన తడి బట్టతో అద్దుతారు. పొడిపిండి పోయి రొట్టె పగలకుండా ఉంటుంది. ఆఖరికి మంట మీదికి తోస్తే పొంగుతుంది. వందల రొట్టెలు చేసిన చేతికి ఇందులో ఏదీ కష్టం కాదు, కొత్తచేతికి ఒక్కటీ లొంగదు.

పెద్దమ్మది నారాయణఖేడ్ దిక్కు. నల్లరేగడి నేలలో, పోయిన వానల తేమతోనే యాసంగి జొన్న పండే ప్రాంతం. అక్కణ్నుంచి వచ్చే దారిలోనే, పటాన్‌చెరులో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి ఇదే జొన్న మీద పనిచేస్తోంది. కానీ జొన్నకు మధ్యలో గడ్డురోజులొచ్చాయి. సాగునీళ్లొచ్చి వరి పెరిగింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో పేదింటి పొయ్యి మీదికి రోజూ అన్నమే ఎక్కింది. రొట్టె పాతకాలపు తిండి అయిపోయింది. చక్కెర జబ్బు ఇంటింటికీ వచ్చాక జనం మళ్లీ జొన్నను వెతుక్కున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఒకప్పుడు బియ్యం కొనలేనివాళ్లు తిన్న రొట్టెను ఇప్పుడు కార్లు ఆపి కట్టించుకెళ్తున్నారు.

చెట్టు కనపడని కల్లు

మూడో రోజు అతనికి కల్లు మీదికి మనసు పోయింది. చిన్నప్పుడు తాతగారి ఊళ్లో, తెల్లారగట్ల తాటిచెట్టు దిగిన కల్లుగీత కార్మికుడి ముంతలోంచి తాతయ్య తాగుతుంటే పక్కన నిలబడ్డ జ్ఞాపకం ఉంది. తెలంగాణలో ఈతకల్లు పేరున్నది. పైగా మంచి కల్లుకి పీపాలు అక్కర్లేదు, ఏళ్లూ అక్కర్లేదు. చెట్టు నుంచి కారుతుండగానే గాలిలోని ఈస్టు పని మొదలుపెడుతుంది. పొద్దున తియ్యన, మధ్యాహ్నానికి మత్తు, మర్నాటికి పులుపు. దాని ఆయుష్షు ఒక్క రోజు. కెంటకీ విస్కీకి పూర్తిగా వ్యతిరేకం.

ఆటోడ్రైవర్ని అడిగితే బండి పక్కకు తీసి మరీ చెప్పాడు. ‘పట్నంల మంచి కల్లు యాడ దొర్కుతది సార్? కల్లు చెట్టు కింద తాగాలె. గీడ చెట్టేడుంది?’

ఆ ఒక్క మాటలోనే సంగతంతా ఉంది. హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను 2004లో అప్పటి ప్రభుత్వం మూయించింది. రాష్ట్రం వచ్చాక 2014లో మళ్లీ తెరిపించారు. గిరాకీ ఉంది, చెట్లు లేవు. ఆ లోటు పూడ్చడానికి నీళ్లు, తీపి కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మందులు వేసేవాళ్లు తయారయ్యారు. రోజూ తాగినవాళ్లు కల్లుకు కాదు, ఆ మందుకు అలవాటుపడ్డారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే, చేతులు వణుకుతూ, ఏదేదో మాట్లాడుతూ జనం ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బారులుతీరారు. 2025 జులైలో, లింగంపల్లికి అట్టే దూరంలేని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడని కూలీలు. వాళ్లూ పని కోసం ఈ నగరం చేరినవాళ్లే, సాయంత్రానికి ఒళ్లు నొప్పులు మర్చిపోదామనుకున్నవాళ్లే.

నష్టపోయింది తాగినవాళ్లే కాదు. ప్రాణాలకు తెగించి మోకు కట్టుకుని చెట్టెక్కే గీతకార్మికుడి నిజమైన కల్లునీ జనం అనుమానంగానే చూస్తున్నారు. పులవకముందే, తెల్లారేలోపు తీసి చల్లగా ఉంచే నీరాను జనానికి దగ్గర చెయ్యాలని ప్రభుత్వం 2023 మేలో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచింది. లింగంపల్లిలో రాత్రి ఎనిమిదింటికి దాహమేసినవాడికి అది చాలా దూరం.

ఎక్కడిదో తెలియని సీసాకి చీటీ ఉంది. ఇక్కడి ముంతకు అంతకంటే గట్టి గుర్తే ఉండేది... ఎదురుగా చెట్టు. ఆ చెట్టు పోయింది. అతను దుకాణం దాకా వెళ్లకుండానే ఆటోని వెనక్కి తిప్పమన్నాడు.

మళ్లీ అదే బెంచీ. మళ్లీ అవే చప్పట్లు. ఇక్కడ ఏదీ చాటున లేదు. పిండి డబ్బా, మరిగే నీళ్లు, పెనం, పెద్దమ్మ చేతులు... అన్నీ కళ్లముందే. బోటి కూరతో రెండు రొట్టెలు తిని మూడోది అడిగాడు.

‘ఉల్లిపాయ ముక్కలు కాసిని వేస్తారా అండీ?’ అన్నాడు.

‘ఉల్లిగడ్డనా? తీస్కో బిడ్డా’ అంటూ గిన్నె ముందుకు తోసింది. కాస్త ఆగి, ‘మీదేడ... ఆంధ్రనా?’ అంది.

‘కాకినాడండీ. పని మీద వచ్చాను.’

‘నేనూ పని మీదనే వచ్చిన. పన్నెండేండ్లాయె’ అని నవ్వి, ఇంకో ముద్ద తీసి పీట మీద పెట్టింది.

రైల్లో పొట్లం

నాలుగో రోజు సాయంత్రం వాన పడింది. రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి బండ్లన్నీ ఆగిపోయాయి. సంచీ తలమీద పెట్టుకుని నడుస్తూనే అతను రొట్టెల బండి దగ్గర ఆగాడు. టార్పాలిన్ కింద పొయ్యి మండుతూనే ఉంది. ఆఫీసులో అందరికీ పంచగా మిగిలిన నాలుగు కాజాలు పెద్దమ్మ చేతిలో పెట్టాడు. ఆమె ఒకటి కొరికి, పాకం చెయ్యి మీద కారితే కొంగుతో తుడుచుకుంది. ‘మస్తు తీపున్నది’ అంది. నాలుగు రొట్టెలు, ఎల్లిపాయ కారం కాగితంలో చుట్టింది. డబ్బులు లెక్కపెట్టి తీసుకుని చెప్పింది... ‘రెండు దినాలైనా ఖరాబు గాదు. ఇంట్ల అందర్కి పెట్టు.’

గౌతమి కదిలాక ఎదుటి బెర్తు పెద్దాయన తన క్యారియర్ విప్పాడు. ఇతను పొట్లం విప్పాడు. ఎల్లిపాయ వాసనకు పెద్దాయన తలెత్తి చూసి, ‘జొన్నరొట్టా బాబూ? ఎన్నాళ్లయిందో తిని’ అన్నాడు. అతను పక్కకు జరిగి, రొట్టెను మధ్యకు విరిచాడు.