భువనగిరి బండపై ఒక దినము

మా పెద్దమ్మాయి బడినుండి తెచ్చిన కాగితము పది దినములు పంచాంగములో దాగియుండెను. భువనగిరి కొండవద్ద అయిదు దినములు శిలారోహణము నేర్పుదురనియు, పిల్లను పంపుటకు తల్లిదండ్రు లిరువురును సమ్మతించి సంతకములు చేయవలెననియు అందు వ్రాసియుండెను. మా వారు ఉపాధ్యాయులు గాన, "పిల్లలకు పుస్తక మొక్కటియే చాలదు, పంపుదము" అని తమ సంతకము తేలికగా చేసివైచిరి. రెండవది మాది. మాకు చేయి రాలేదు. "ఆ చోటు కన్నులార చూచిన పిమ్మట చెప్పెదము" అంటిమి. వాయిదా వేయుటకే ఆ మాట యన్నది. కాని మా వారు మరుసటి ఆదివారమునకే ప్రయాణము నిశ్చయించిరి.

హనుమకొండలో తెల్లవారుజామున పులిహోర మూట కట్టుకొని, కాజీపేటలో రైలెక్కి, జనగామ, ఆలేరు దాటితిమి. భువనగిరి చేరువగుచుండగనే కిటికీలోనుండి కొండ కానవచ్చెను. కొండ యనుటకంటె ఒకే బండ యనుట సరి. బోర్లించిన గంగాళమువలె నున్నగా, గుండ్రముగా, సుమారు అయిదువందల అడుగుల యెత్తున ఊరిమీద నిలిచియున్నది. త్రిభువనమల్లుడను బిరుదు గల పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు (పాలనము 1076-1126) ఈ కోట కట్టించెననియు, ఆ బిరుదువలననే త్రిభువనగిరి యను పేరు కలిగి, క్రమముగా భువనగిరి యయ్యెననియు చెప్పుదురు. పిదప కాకతీయులును, ఆ వెనుక గోలకొండ సుల్తానులును దీని నేలిరి. మా వారు రైలులోనే ఇదంతయు పాఠము చెప్పినట్లు చెప్పుచుండిరి గాని, మా చూపు మాత్రము ఆ నున్నదనముమీదనే యుండెను. అచట కాలు నిలుచుటెట్లు?

కొండ పాదమున పదిపండ్రెండుమంది పిల్లలు తలకు గట్టి టోపీలు, నడుమునకు పట్టెలు ధరించి వరుసగా కూర్చుండియుండిరి. పైనెక్కడనో బిగించిన కొక్కెముగుండా తాడు దూరి, ఒక కొన ఎక్కు బాలిక నడుమునకును, రెండవ కొన క్రింద నిలుచున్నవారి చేతికిని వచ్చుచుండెను. బాలిక పైకి పోయినకొలది క్రిందివారు తాటిని లాగుకొనుచుందురు. కాలు జారెనా, ఎక్కువ దూరము పడకుండ తాడు పట్టును. తాడు పట్టినవారి కుడిచేయి యొక్క క్షణమైనను దానిని వదలరాదట. ముక్కుమీద ఈగ వ్రాలినను వదలరాదట.

అచట నేర్పుచున్న యువతికి ఇరువదియైదేండ్లుండవచ్చును. మా అమ్మాయి ఆమె వద్దకు పరుగెత్తి, తనకును ఒక్కసారి తాడు కట్టుమని బ్రతిమాలెను. ఆమె నవ్వి, "అమ్మ సంతకం లేకుండా కట్టను" అనెను. మా వారు పక్కనేయుండి, మేము ఎదుట నిలిచియేయున్నామని చెప్పినను ఆమె కట్టలేదు. పిల్ల మొగము చిన్నవోయెను గాని, ఈ మాటతోనే మాకు సగము భయము తీరినది.

మధ్యాహ్నము ఆమె మా పులిహోరలో పాలుపంచుకొనెను. "రోజూ ఇదే బండ గదా, విసుగు పుట్టదా తల్లీ?" అని అడిగితిమి.

"తాళ్లు మోసుకు రావటం విసుగేనమ్మా. కాగితాలు నింపటం ఇంకా విసుగు. బండ దగ్గరకొస్తే మాత్రం విసుగు లేదు. పొద్దున కాలు పట్టిన చోటే మధ్యాహ్నం ఎండకు పట్టదు. రోజూ కొత్తగా చూసుకోవాలి. ఇక పిల్లలంటారా, పాదం పెట్టే తీరు చూస్తేనే తెలుస్తుంది, ఎవరు సగంలో ఏడుస్తారో. ఏడ్చినవాళ్లే కిందికి దిగి మళ్లీ ఎక్కుతామంటారు. దానికోసమే వస్తాను."

పనిలో విసుగు లేదని చెప్పక, ఉన్నచోట ఉన్నదని చెప్పుట మాకు నచ్చెను. ఇల్లాలికి వంట నిత్యానందమని పత్రికలలో వ్రాయుట ఆచారము. ఒకేనాడు మూడవమారు టీ కాచునపుడు మాకు ఆనందమేమియు కలుగదు. పాకము చేయి తిరిగి తీగకు వచ్చినపుడు మాత్రము, ఎవరు చూడకున్నను, లోలోపల నొక నవ్వు వచ్చును.

పిదప కోటమెట్లు ఎక్కితిమి. కొంతదూరము పోయిన పిమ్మట మెట్లను వదలి, ఏటవాలు బండపై నాలుగడుగులు వేసిచూడుమని ఆమె మమ్ము పిలిచెను. చెప్పులు విడిచి, కొంగు నడుమున దోపి, నాలుగడుగులు వేసితిమో లేదో వెనుకకు చూచితిమి. ఊరంతయు కాళ్లక్రింద నున్నది. వెంటనే వంగి రెండుచేతులతో బండను పట్టుకొంటిమి.

"అమ్మా, భయమేసినప్పుడు అందరూ బండను కౌగిలించుకుంటారు. అప్పుడే కాలు జారుతుంది. నిటారుగా నిలబడండి. బరువంతా పాదాలమీద పడనివ్వండి, మడమలు కిందికి దించండి."

నమ్మశక్యముగా లేకుండెను. అయినను నడుము నిలిపితిమి. బండ అరికాలిని పట్టుకొన్నట్లు తోచినది! వెచ్చని, గరుకైన రాయి. దూరమునుండి కనబడిన నున్నదనము అందు లేదు. ఇరువది యడుగులు నడిచి తిరిగివచ్చితిమి. మా వారు మెట్లమీదనుండి చప్పట్లు కొట్టగా సిగ్గుపడితిమి. మరల పోవుదమా అని అడిగినది కూడ మేమే.

పూర్ణ మాలావత్ మొదట తాడు పట్టినది ఈ బండమీదనే. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలీల యింట పుట్టి, ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుకొన్న ఈ బాలిక, ఇచటినుండి దార్జిలింగు పర్వతారోహణ విద్యాలయమునకు పోయి, 2014వ సంవత్సరము మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, టిబెట్టువైపునుండి ఎవరెస్టు శిఖర మెక్కెను. ఖమ్మము జిల్లా బాలుడు ఆనందకుమారు ఆమెకు తోడు. 2022 నాటికి ఏడు ఖండములందలి అత్యున్నత శిఖరములను ఎక్కుట ముగించెను. ఈ కథ పత్రికలలో చదివినపుడు ఆ బాలికను మెచ్చుకొంటిమి. ఈ బండపై నిలిచినపుడు ఆమె తల్లి తలపునకు వచ్చెను. ఆ తల్లి ఏ రాత్రులు ఎట్లు గడపెనో!

కుమారసంభవమున కాళిదాసు పార్వతికి ఉమ యను పేరు వచ్చిన కారణము చెప్పినాడు. తపస్సునకు పోవలదని తల్లి మేనక "ఉ, మా" యని వారించుటచే ఆ పేరట. చిన్ననాడు తండ్రిగారివద్ద చదివినపుడు ఇది శబ్దచమత్కారమే యనుకొంటిమి. వద్దను మాట బిడ్డకు పేరై నిలిచినది. బిడ్డ మాత్రము పోనేపోయినది.

సాయంకాలము పిల్లలందరు పోయిన పిమ్మట ఆ యువతి నేలమీద కూర్చుండి తాళ్లు చుట్టుచుండెను. ఊరక చుట్టుట కాదు. ప్రతి తాటిని మొదలునుండి కొనవరకు వ్రేళ్లమధ్య జరుపుచు తడిమి చూచుచుండెను. పైతొడుగు చెక్కుచెదరకున్నను లోపలి పోగులు దెబ్బతినియుండవచ్చుననియు, మెత్తబడిన చోటు కంటికి కానరాక వ్రేళ్లకే తెలియుననియు చెప్పెను. ఆమెను ఎవరును చూచుటలేదు. రైలుకు వేళ మించుచున్నదని మా వారు తొందరపెట్టుచున్నను, కడపటి తాడు ముగియువరకు మేము కదలలేదు.

తిరుగుబండిలో మా అమ్మాయి మా కొంగు పుచ్చుకొని, ఎనిమిదంకె ముడి వేయుచు విప్పుచు జనగామ రాకమునుపే నిద్రపోయెను. కొంగు ముడి మాత్రము ఇంటికి వచ్చువరకు విడలేదు. మరునాటి యుదయము పంచాంగము తీసితిమి. మా వారి కలము కానరాకుండెను. పాలపద్దు వ్రాయు కలముతోనే సంతకము చేసి కాగితమును పిల్ల పుస్తకములో పెట్టితిమి.