ఎస్పొజిటో

ఇటలీవారి ఇంటిపేరును గూర్చి వ్రాయడానికి ఈ తెలుగు పంతులుకు ఏమి అర్హత అని మిత్రులు అడుగవచ్చును. అర్హత ఏమీ లేదు. ఒక పాత బాకీ ఉన్నది, అంతే.

నేపుల్స్ నగరంలోను, దాని చుట్టుప్రక్కల కంపానియా ప్రాంతంలోను అడుగడుగునా వినిపించే ఇంటిపేరు ‘ఎస్పొజిటో’. 1889లో మార్గరీటా రాణి కొరకు పిజ్జా చేసినాడని చెప్పుకొనే రఫాయేలెకు కూడ ఇదే ఇంటిపేరు. లాటిను భాషలో ‘ఎక్స్’ అనగా వెలుపల, ‘పోనెరె’ అనగా ఉంచుట. ‘ఎక్స్‌పోసితుస్’ అంటే వెలుపల ఉంచబడినవాడు. సంస్కృతంలో ‘త్యక్తుడు’ అన్నట్లే ఇదీ కర్మణి రూపం. కర్మ కనబడుతుంది, కర్త కనబడడు. ఉంచినవారెవరో ఆ పదం చెప్పదు.

నేపుల్స్‌లో అన్నున్‌త్సియాతా అనే ధర్మసంస్థ ఉండేది. దాని గోడలో ఒక కొయ్య పీపా వంటి చక్రం అమర్చినారు. బిడ్డను వదలదలచినవారు వీధి వైపు నుండి అందులో పెట్టి త్రిప్పితే, బిడ్డ లోపలివారికి చేరేది. ఇటువారి ముఖం అటువారికి కనబడదు. లోపల గుమాస్తా ఒకడు వచ్చిన వేళను, ఒంటిమీది బట్టలను, మెడలో ఏదైన గుర్తు ఉంటే దానిని పుస్తకంలో ఎక్కించేవాడు. ఎందరి పేర్లకో చివర ‘ఎస్పొజిటో’ చేరింది. ఆ చక్రం 1875లో మూతపడినది.

ఇతర నగరాలకు వేరే మాటలున్నవి. రోములో ‘ప్రొయెత్తి’, అనగా విసరివేయబడినవారు. ఇది మరీ కఠినం. ఫ్లారెన్సులో 1445లో తెరచిన శిశుశరణాలయం పేరిట ‘ఇన్నొచెంతి’, అమాయకులు. మిలానులో ఆసుపత్రి చిహ్నమైన పావురం పేరిట ‘కొలంబో’. నాకు పావురమే నచ్చినది. అడవిలో విడువబడిన పసికందును శకుంతాలు కాచినవని కణ్వుడు శకుంతల అని పేరు పెట్టలేదా! విడిచినవారిని కాక కాచినవారిని తలచి పెట్టిన పేరది.

తల్లిదండ్రులెవరో తెలియని శిశువుకు ఆ సంగతి స్ఫురించే పేరు గాని ఇంటిపేరు గాని పెట్టరాదని ఇటలీలో 2000వ సంవత్సరపు పౌర నమోదు నిబంధన. కాని పాత ఎస్పొజిటోలు అలాగే ఉన్నారు. ఇల్లే లేని బిడ్డకు పెట్టిన మాట, తరాలు గడచేసరికి లక్షణమైన ఇంటిపేరైనది.

ఇక నా బాకీ. 1984 జూన్‌లో, ఉద్యోగంలో చేరిన క్రొత్తలో, ఒక పల్లెటూరి బడిలో ప్రవేశాల పుస్తకం నాచేత వ్రాయించేవారు. బస్టాండు దగ్గర ఇడ్లీలమ్మే ముసలమ్మ ఒక పిల్లవాణ్ణి తీసుకువచ్చింది. సంతలో దొరికితే పెంచుకున్నదట. ఇంటిపేరు అడిగితే తన ఇంటిపేరే చెప్పింది. “నీ ఇంటిపేరు వాడికెట్లా వస్తుందమ్మా?” అన్నాను. ఆ గడిలో అడ్డగీత గీచాను. తండ్రి పేరు గడిలో ‘అనాథ’ అని వ్రాశాను. ‘నాథ’ శబ్దానికి నఞ్ సమాసం; దోషమేమీ లేదు. పెంచిన మనిషి నా బల్ల ముందే నిలుచుండగా వ్రాశాను.

ఆ మాట పుస్తకంలో ఆగలేదు. పరీక్షల జాబితాకు ఎక్కింది, గోడకు అంటించినారు, పిల్లలు చదివినారు. తరువాత వాణ్ణి అసలు పేరుతో పిలిచినవాడు లేడు. మూడవ యేట బడి మానేశాడు. బదిలీ పత్రం వ్రాసినదీ నేనే; పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు దింపాను.

ముసలమ్మకు చదువు రాదు. కాగితాన్ని ఇటు త్రిప్పి అటు త్రిప్పి చూచి, “మా వాడి పేరు బాగా రాశారా బాబూ?” అని అడిగింది.

“సరిగానే వ్రాశానమ్మా” అన్నాను.