చవక టిక్కెట్టు

మా అమ్మ తన అన్నగారిని చూసి పదకొండేళ్ళయింది. ఆయన వుండేది అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో ప్రభుత్వం ఆ వూరి పేరు శ్రీ విజయపురం అని మార్చింది గాని మా మామయ్య నోట అది యిప్పటికీ “బ్లేరే”. యీ వేసవి సెలవుల్లో అమ్మనూ, చెల్లెల్నీ తీసుకుని అక్కడికి పోదామని నిశ్చయించుకున్నాను. కాంట్రాక్టు లెక్చరర్ని కనుక చవక టిక్కెట్ల కోసం నెల రోజులపాటు రాత్రిళ్ళు ఫోను ముందు కూర్చున్నాను. ఆ నెలలో నాకు కొంత అర్థశాస్త్రం వంటబట్టింది. దాన్ని పాఠకులతో పంచుకోవటం అనవసరం కాదనుకుంటాను.

మొదట నాకు తెలిసివచ్చింది, విమానం సీటుకు ధర అంటూ వొకటి లేదన్నది. వొకే విమానంలో, వొకే వరుసలో పక్కపక్కన కూర్చున్న ముగ్గురు మూడు ధరలు చెల్లించివుంటారు. సీట్లను కొన్ని మెట్లుగా విడగొడతారు. అడుగుమెట్టులో చవక సీట్లు కొద్దిగా వుంటాయి. అవి అయిపోతే పైమెట్టు తెరుచుకుంటుంది. మూడు టిక్కెట్లు వొకేసారి అడిగితే, అడుగుమెట్టులో రెండే మిగిలివున్నప్పుడు, మూడింటికీ పైమెట్టు ధరే చూపిస్తారు. విడివిడిగా అడిగితే రెండు చవకగా దొరుకుతాయి. యీ రహస్యం నాకు చెప్పినవాడు మా డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి. పాతకాలపు సంతలో బేరగాడికి కొనేవాడి మొహం చూసి ధర చెప్పే నేర్పు వుండేది. యిప్పుడా నేర్పు యంత్రానికి వచ్చింది. తేడా యేమిటంటే, సంతలో మనమూ బేరమాడేవాళ్ళం.

రెండోది యింకా ముఖ్యమైనది. చవక టిక్కెట్టు కొనటానికి కావలసింది డబ్బుకన్నా ముందు తీరిక. వారం మధ్యలో బయలుదేరితే చవక. వర్షాకాలంలో, సముద్రం పోటుమీద వుండి దీవుల మధ్య పడవలు ఆగిపోయే రోజుల్లో, చవక. తెల్లవారుజామున చెన్నైలో యెక్కితే చవక, యెందుకంటే ఆ ముందు రాత్రి విమానాశ్రయం కుర్చీలో గడపాలి. మరి నావంటివాడికి సెలవు యెప్పుడిస్తారు? దేశమంతా సెలవుల్లో వున్నప్పుడు. అంటే ధర యెక్కివున్నప్పుడు. తన కాలం తన చేతిలో వున్నవాడికి సీటు చవక. తన కాలాన్ని యింకొకడికి అమ్ముకున్నవాడికి సీటు ప్రియం. శ్రమను అమ్ముకునే చోట వొకసారి నష్టపోయి, ఆ డబ్బుతో కొనే చోట మళ్ళీ నష్టపోతున్నాం.

యిదంతా మధ్యతరగతివాడి సణుగుడని కొందరు మిత్రులు అనవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి, మా అమ్మమ్మ పోయేదాకా.

మామయ్య 1982లో, పందొమ్మిదేళ్ళ వయస్సులో, శ్రీకాకుళం జిల్లాలోని మా వూరు విడిచి విశాఖపట్నంలో ఓడ యెక్కాడు. రోడ్డు పని వుందని మేస్త్రీ చెప్పాడు. ఉత్తరాంధ్ర నుంచి అలా పోయినవాళ్ళు వేలల్లో వున్నారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదమూడుగురు తెలుగు మాతృభాష గలవారు. వాళ్ళలో వేటకు పోయేవాళ్ళూ, ఇళ్ళు కట్టేవాళ్ళూ, రోడ్లు వేసేవాళ్ళూ యెక్కువ. 2019లో అమ్మమ్మ పోయిన కబురు చేరిన సాయంత్రం మామయ్య విమానం ధర కనుక్కున్నాడు. మర్నాటి సీటు ఆయన రెండు నెలల సంపాదన. విశాఖకు ఓడ నెలకొకటి, ప్రయాణం రెండున్నర రోజులు. దీవుల్లో కాపురమున్నవాళ్ళకు ఓడలో రాయితీ వుంది, కాని ఆ వారం ఓడే లేదు. తల్లికి తలకొరివి పెట్టవలసిన కొడుకు ఆ తంతును ఫోనులో చూశాడు.

ముందుగా కొనుక్కుంటే చవక అంటారు. పెళ్ళికి ముందుగా కొనుక్కోవచ్చు, విహారానికీ కొనుక్కోవచ్చు. చావుకు యెవరు ముందుగా కొనుక్కుంటారు?

యీ ధర ప్రకృతిధర్మమేమీ కాదు. 1953లో విమాన సంస్థలను జాతీయం చేశారు. 1994లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. 2003 తర్వాత చవక విమానాలు వచ్చి, రైలు తప్ప యెరగనివాళ్ళు కూడా ఆకాశాన యెగిరిన మాట నిజం. ఆ మంచిని కాదనటం మూర్ఖత్వం. మామయ్య మనవడు యిప్పుడు చెన్నైలో చదువుకుంటున్నాడంటే ఆ చవకే కారణం. కాని 2020 మే నుంచి 2022 ఆగస్టు వరకు, కరోనా కాలంలో, యింతకు తక్కువ కాదు, యింతకు యెక్కువ కాదు అని ప్రభుత్వమే దేశీయ విమానాల టిక్కెట్లకు హద్దులు పెట్టింది. పెట్టదలుచుకుంటే పెట్టవచ్చునన్నమాట! ఓడా విమానమూ తప్ప వేరే దారి లేని దీవులకు ఆ హద్దు యెప్పుడూ వుండాలని అడగటం అత్యాశ కాదు.

ప్రయాణ పథకం వేసుకుంటూ సెల్యులార్ జైలు చూడాలని రాసుకున్నాను. 1906లో పూర్తయిన ఆ కట్టడానికి మనవాళ్ళనూ పంపారు. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట తిరుగుబాటు చేసినవారిలో కొందరు అక్కడికి వెళ్ళినవారే. 1933 నిరాహార దీక్షలో ముగ్గురు ఖైదీలు ప్రాణాలిచ్చారు. 1935లో ఆ గోడల మధ్యనే ఖైదీలు కమ్యూనిస్టు కన్సాలిడేషన్ అనే సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ ప్రయాణానికి టిక్కెట్టు ఖర్చు లేదు, తిరుగు టిక్కెట్టూ లేదు.

నా జాబితాలో తర్వాతది బారాటాంగ్ గుహలు. ఆ దారి జార్వాల అడవిలోంచి పోతుంది. 2002లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని మూసివేయమన్నది, అయినా బళ్ళు నడుస్తూనే వచ్చాయి. 2012లో జార్వా స్త్రీలచేత తిండి ఆశ చూపి ఆడించిన దృశ్యాలు బయటపడి లోకం ముక్కున వేలేసుకుంది. యిదంతా నేను చదివినవాణ్ణే. అయినా గుహలు చూడాలని రాసుకున్నాను. ఫోనులో మామయ్యకు జాబితా చదివి వినిపించాను.

“ఆ రోడ్డు మీదకి నాను రాను రా అల్లుడూ,” అన్నాడు. “దానికి రాళ్ళు కొట్టినోణ్ణి నానే. ఆళ్ళ అడివిలోంచి ఎందుకేస్తన్నారని అప్పుడు అడగాలని తెలీలేదు. కూలి డబ్బులెప్పుడిస్తారనే అడిగినాం. ఇప్పుడు బస్సెక్కి సూడ్డానికి ఆళ్ళేటి, తీర్థంలో బొమ్మలా?”

నేను గుహలు కొట్టివేశాను. యెమ్మే చదివి, పేదల పక్షాన వ్యాసాలు రాసే నాకు తట్టని మాట, రాళ్ళు కొట్టిన మనిషికి తట్టింది. ఆయన కూడా ఆ దోషంలో తన పాలు కలిగినవాడే. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. ఆకలిగొన్న మనిషిచేత అంతకన్నా దిక్కులేని మనిషి యింటి మీదుగా దారి వేయించటం యీ వ్యవస్థకు కొత్త కాదు. 2022లో గ్రేట్ నికోబార్‌లో ఓడరేవుకూ, విమానాశ్రయానికీ, పట్నానికీ అనుమతి యిచ్చారు. అందుకోసం నూటముప్ఫయి చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. అది షోంపెన్‌ల అడవి. అక్కడ రాళ్ళు కొట్టటానికి మళ్ళీ మన జిల్లాలనుంచే కుర్రాళ్ళు పోతారేమో.

చివరకు టిక్కెట్లు దొరికాయి. రెండు వొక ధరకు, మూడోది యింకో ధరకు. చవక టిక్కెట్టు రద్దు చేసుకుంటే డబ్బు దాదాపు రాదు, తేదీ మార్చుకుంటే మళ్ళీ కట్టాలి. యిదంతా అమ్మకు వివరించాను. ఆవిడ జీడిపప్పు డబ్బా మూత బిగిస్తూ విన్నది.

“అయితే మీ మావయ్యకీ వొకటి ముందుగానే కొనీసి వుంచరా. నాకేదైనా అయితే వొచ్చీడానికి,” అన్నది.

“తేదీ చెప్పందే యివ్వరమ్మా.”

“మన వూరి బస్సుకి తేదీ అడుగుతారేటి?”

అడగరు. అందుకే అది మన బస్సు. విమానం అంత మనది కావటానికి యింకా చాలా కాలం పట్టవచ్చు. యీలోగా విశాఖనుంచి నెలకు యింకో రెండు ఓడలు కావాలనీ, చావుకబురు అందిన దీవివాసికి ఆ రోజు సీటు అడుగుమెట్టు ధరకే యివ్వాలనీ అడగవచ్చు. యీ రెండు కోరికలతో వొక అర్జీ రాసి, మామయ్యవాళ్ళ పేటలో సంతకాలు పెట్టించటానికి వెంట తీసుకుపోతున్నాను.