తన్ను తాను అమ్ముకొను స్వేచ్ఛ కలదా?



స్వేచ్ఛ అను మాటను మనము తరచుగా పలుకుదుము గాని, దాని బరువును తూచి చూచుట అరుదు. "నా యిష్టము వచ్చినట్లు నేను చేయుదును, అడ్డుపెట్టువాడెవడు?" అనుటయే స్వేచ్ఛ అని పలువురు తలంచుచున్నారు. అట్లయిన మిమ్మునొక ప్రశ్న అడుగుదును. ఒక మనుష్యుడు తన సమ్మతితోనే తన్ను తాను మరియొకనికి అమ్ముకొనవచ్చునా? అదియు అతని స్వేచ్ఛయేనా? ఇది పండితులకు విడిచిపెట్టవలసిన ప్రశ్న కాదు. మన పల్లెలలో తరతరములుగా నడచిన బ్రతుకులోనుండి పుట్టినది.

నేనెరిగిన యొక వృద్ధుడు మా పొరుగు పల్లెలో ఉండెడివాడు. ఇంటిలో జరిగిన పెండ్లికి తండ్రి తెచ్చిన అప్పునకై అతడు పసితనమునుండి కామందు ఇంట పాలేరుగా ఉండెను. నోటుమీద వ్రేలిముద్ర వేసినది తండ్రి. కొట్టములో పేడ ఎత్తినది కుమారుడు. అసలెంత తీరినదో, వడ్డీ ఎంత పెరిగినదో అతనికి ఎవరును లెక్క చెప్పలేదు. "నిన్నెవరు కట్టివేసిరి తాతా? లేచి పోలేకపోతివా?" అని నేనడిగితిని. "ఎవరూ కట్టెయ్యలేదు బాబూ. అప్పు తిన్నాం గదా, ఎక్కడికి పోతాం?" అనెను. ఆలోచించి చూడుడి. అతని నిజాయితీయే అతనికి పలుపుత్రాడైనది.

ఇంగ్లాండు దేశపు తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్లు 1859లో స్వేచ్ఛనుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఇతరులకు హాని కలుగనంతవరకు ఎవని జోలికిని ప్రభుత్వము గాని సంఘము గాని పోరాదని అతడు గట్టిగా వాదించెను. అంతటి స్వేచ్ఛాప్రియుడును ఒకచోట ఆగెను. తన్ను తాను బానిసగా అమ్ముకొను ఒప్పందము చెల్లదనెను. ఏలయనగా ఆ ఒక్క క్రియతో మనుష్యుడు ఇకముందు ఏదియు ఎన్నుకొనలేనివాడగును. విత్తనపు వడ్లను దంచుకొని తినిన రైతునకు మరుసటి ఏట పంట ఎక్కడిది?

మన రాజ్యాంగమును ఈ మార్గముననే నడచినది. 1950లో అమలునకు వచ్చిన ఆ శాసనములోని 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయమును, వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించుచున్నది. పిమ్మట వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లో వచ్చినది. అది 1975 అక్టోబరు 25నుండి వర్తించునని అందే వ్రాయబడినది. ఆ చట్టము రద్దుచేసిన పద్ధతుల పట్టికలో వెట్టి, జీతా, పాలేరు, భాగేలా అను మనమెరిగిన పేర్లున్నవి. అప్పునకు బదులుగా కూలి లేకుండ గాని నామమాత్రపు కూలికి గాని పనిచేయవలసివచ్చినను, వేరొకచోట పనిచేయు హక్కు, స్వేచ్ఛగా తిరుగు హక్కు పోయినను, అది వెట్టియే. అట్టి అప్పు రద్దయినది. రద్దయిన ఆ అప్పును వసూలు చేయుటయు నేరమే. వెట్టి చేయించినవానికి మూడేండ్లవరకు జైలు, రెండువేల రూపాయలవరకు జరిమానా కలవు. అది వెట్టి అప్పు కాదని ఋజువు చేయవలసిన భారము అప్పిచ్చినవానిదే.

"కామందునకు ఒప్పందము చేసికొను స్వేచ్ఛ లేదా?" అని మీరడుగవచ్చును. ఉన్నది, అయితే దానికొక పొలిమేర కూడ ఉన్నది. నా యెద్దును నా చేనిలో మేపుకొనుట నా హక్కు. గట్టు దాటినచో అది పొరుగువాని పంట. ఒకని ఆకలిని చూచి అతని జీవితమంతటిని కొనుట గట్టు దాటిన మేతయే.

ఇచట రాజకీయములు నేర్పు పాఠమొకటి కలదు. వెట్టివారి కట్లు తెంచిన ఆ నెలలలోనే దేశమున అత్యవసర పరిస్థితి ఉండెను. వేలాదిమంది విచారణ లేకుండ చెరసాలలలో ఉంచబడిరి. 1976 ఏప్రిల్ 28న సుప్రీముకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు, అట్టి నిర్బంధితులు కోర్టు తలుపు తట్టజాలరని తీర్పు చెప్పిరి. హెచ్. ఆర్. ఖన్నా ఒక్కరే భిన్నముగా పలికిరి. తరువాత 1978లో 44వ రాజ్యాంగ సవరణ వచ్చి, ప్రాణమునకును స్వేచ్ఛకును గల రక్షణను అత్యవసర పరిస్థితిలో సహితము నిలిపివేయరాదని కట్టడి చేసినది. 2017లో సుప్రీముకోర్టు ఆ పాత తీర్పును త్రోసివేసినది. ఒక చేతితో సంకెల విప్పిన ప్రభుత్వమే మరియొక చేతితో సంకెల వేయగలదు. కాబట్టి కామందునకు వలెనే ప్రభుత్వమునకును పొలిమేర ఉండవలెను.

సంకెల కంటికి కనబడనిచోట సంగతి ఏమి? 1982లో, ఢిల్లీలో ఆసియా క్రీడలకై జరిగిన కట్టడపు పనుల కూలీలనుగూర్చి సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, ఆకలియు దారిద్ర్యమును మనుష్యుని బలవంతపెట్టగలవనెను. కనీస వేతనముకంటె తక్కువకు పనిచేయువాడు బలవంతపు చాకిరి చేయుచున్నట్లే యని నిర్ణయించెను. మా తాత మాటకు అర్థము ఆ తీర్పులో నాకు దొరకినది.

విడిపించుటతో పని ముగిసెనా? లేదు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయమును తెరచి చూడుడి. ఏడవ యేట దాసుని విడిచిపెట్టునప్పుడు వానిని వట్టి చేతులతో పంపక, మందలోనుండియు కళ్లములోనుండియు ద్రాక్షగానుగలోనుండియు ధారాళముగా ఇయ్యవలెనని అందు విధింపబడినది. వెట్టినుండి విడిపింపబడినవారికి జీవనోపాధి చూపనియెడల వారు మరల వెట్టిలోనే పడుదురని 1984లో మన సుప్రీముకోర్టును హెచ్చరించినది. విడిపింపబడినవాని పొయ్యిమీద ఆ సాయంకాలము ఎసరు పెట్టుటకు గింజలు లేనిచో, తెల్లవారుసరికి అతడు మరల ఆ గడపయొద్దనే నిలువబడును.

నేడును ఇటుక బట్టీలకు అడ్వాన్సు తీసికొని దూరదేశమునుండి కుటుంబములతో వచ్చువారు కలరు. అడ్వాన్సు తీసికొనుట వెట్టి కాదు. లెక్క చూపక, వెళ్లనీయక పట్టి ఉంచుట వెట్టి. మీ ఊరి ప్రక్కన బట్టీ యున్నచో వారిని పలుకరించుడి. "లెక్క చూపించుచున్నారా? పండుగకు ఇంటికి వెళ్లనిచ్చుచున్నారా?" అని అడుగుడి. లేదని చెప్పినయెడల జిల్లా కలెక్టరునకు గాని తహశీల్దారునకు గాని అర్జీ వ్రాయుడి. వ్రాయలేనివారికి మీరు వ్రాసిపెట్టుడి. విడుదలైన కుటుంబము మీ వీధికి వచ్చినప్పుడు ఒక కుంచెడు బియ్యమును, నాలుగు దినముల పనిని చూపుడి. నీ స్వేచ్ఛకు హద్దు నీ పొరుగువాడు. దానికి పనియు ఆ పొరుగువాడే.