మేడిపండులో మరో అతిథి

బెంగుళూరు వెళ్లినవారికి లాల్‌బాగూ, విధానసౌధా ఎవరైనా చూపిస్తారు. దసరా సెలవుల్లో మా మేనకోడలు నాకు చూపించింది యెలహంక అవతల ఒక చెరువుగట్టున ఉన్న మేడిచెట్టు. కాండానికే గుత్తులుగా కాయలు. కన్నడంవారు దీన్ని ‘అత్తి’ అంటారు, మనకూ ఉన్నమాటే.

మేడిపండులో పురుగులుంటాయని వేమనగారి పుణ్యాన తెలుగు పిల్లలందరికీ తెలుసు. ఆ పురుగులు చాలావరకు కందిరీగ జాతివి. అవి లేనిదే చెట్టుకు విత్తనం లేదు. మేడిపువ్వులు కాయ లోపలే పూస్తాయి. ఆడ ఈగ సన్నటి కంతలో దూరేటప్పుడు రెక్కలు తెగిపోతాయి. పుప్పొడి చల్లి, గుడ్లు పెట్టి అక్కడే చస్తుంది. రెక్కల్లేని మగవి సొరంగం తవ్వితే, ఆ దారిన కూతుళ్లు పుప్పొడి మోసుకుని ఎగిరిపోతాయి. పుట్టింటి సారె అన్నమాట!

అమ్మాయి వెతికేది ఆ ఈగల జీవకణాల్లో కాపురముండే వోల్బాకియా అనే బాక్టీరియాను. 1924లో హెర్టిగ్, వోల్బాక్ అనే అమెరికన్లు దీన్ని దోమలో మొదట చూశారు. ఇది తల్లి గుడ్డు ద్వారానే సంక్రమిస్తుంది గనుక మగసంతానం దానికి దండగ. ఇది చేరిన కొన్ని జాతుల కందిరీగలకు మగతోడు లేకుండానే ఆడపిల్లలు పుడతారు!

మర్నాడు ప్రయోగశాలలో, రెండు మిల్లీమీటర్ల ఈగలను నాలుగింటిని విడివిడిగా ఆల్కహాలుతో కడిగి, నలిపి, డిఎన్ఏ తీసింది. యంత్రంలో వేడీ చల్లదనమూ మారిమారి తగులుతుంటే, బాక్టీరియా డిఎన్ఏలో ఎంచుకున్న తునక ఒక్కటే ప్రతి చుట్టుకూ రెట్టింపవుతుంది. 30 చుట్లకు ఒకటి నూరుకోట్లు దాటుతుంది.

గండమూ అక్కడే. బల్లమీదనుంచి ఒక్క తునక పడినా అదీ నూరుకోట్లే. అందుకని ఒక గొట్టంలో ఈగ సరుకు లేకుండా ఉత్త నీళ్లు పెడతారు. కిందటి నెల ఆ నీళ్లలోనూ గీత కనబడి, ఆరువారాల పని పారబోసిందట. థీసిస్ గడువు డిసెంబరు.

జెల్లీ పలకలో విద్యుత్తు పారించి, దీపం మీద పెట్టారు.

“ముందు నీళ్ల గడి చూడండి, మావయ్యా.”

ఖాళీ! ఈగల సొంత డిఎన్ఏ గీత నాలుగింటికీ ఉంది. అంటే తీయడం సరిగానే జరిగింది. వోల్బాకియా గీత మూడోదానికి మాత్రమే.

“అయితే దొరికినట్టేనా?”

“ఆ తునకను అక్షరం అక్షరం చదివించాక చెబుతాను.”

పుస్తకంలో తేదీ వేసి, పండు నంబరు రాసుకుంది. అప్పటికి మెస్సులో కాఫీ అయిపోయింది.