వ్రాయసకాని తప్పు

గత సంవత్సరము దస్తూరి పోటీకై విద్యార్థులు సువార్తలోని యొక భాగమును చూచి వ్రాయవలసియుండెను. తొమ్మిదవ తరగతి బాలుడొకడు చుట్టును తీగెలతో అంచు దిద్ది, ముత్యములవంటి అక్షరములతో వ్రాసి తెచ్చెను. అందొక మాట మాఱిపోయెను. తప్పుగల కాగితము పోటీకి పనికిరాదని చెప్పి మేము దానిని రెండుగా చించివైచితిమి. బాలుడు మాఱుపలుకక పోయెను. ఆ అంచునకు మూడు రాత్రులు పట్టెనని అతని తల్లి పిమ్మట చెప్పినది.

ఆ వేసవిలోనే ఐర్లండు దేశపు కెల్సు గ్రంథమును గూర్చి చదువ తటస్థించెను. క్రీ.శ. 800 ప్రాంతమున సన్న్యాసులు లాటిను భాషలో వ్రాసిన నాలుగు సువార్తల ప్రతి యిది. ఇప్పుడు డబ్లిను నగరమందలి ట్రినిటీ కళాశాలవారి సొత్తు. దూడతోలు పత్రములు 340 మిగిలియున్నవి. ఇందులకు సుమారు 185 దూడలు కావలసివచ్చెనని పండితుల అంచనా. అయోనా ద్వీపమందలి మఠముపై 806లో ఓడదొంగలు పడి 68 మందిని చంపిరి. తప్పించుకొన్నవారికి కెల్సు ఆశ్రయమాయెను. ఇట్టి కాలమున కలము పట్టి కూర్చుండినవారి నిబ్బరమును తలచిన కొలది ఆశ్చర్యము కలుగును.

కళాశాలవారు అందఱకును చూడ వీలుగా నుంచిన ఛాయాచిత్రములలో ఒక పుటయెదుట మేము గంటసేపు కూర్చుంటిమి. మత్తయి సువార్తలో క్రీస్తు జననకథ మొదలగు చోటది. ఆయన పేరిటి గ్రీకు అక్షరములే పుటనంతను ఆక్రమించినవి. చుట్టలు చుట్టలుగా తిరుగు గీతలనడుమ, అడుగున, ఎలుకలు అప్పమును కొఱుకుచుండగా పిల్లులు చూచుచున్నవి. ప్రక్కనే యొక నీటిపిల్లి చేపను పట్టినది. మఠపు వంటయింటి బాధ చిత్రకారునికి బాగుగ తెలిసియుండును! ఇందలి నీలమును మునుపు ఆఫ్ఘన్ దేశపు రాతిపొడి యనుకొనిరి; అది మొక్కలనుండి తీసిన నీలిరంగని పరీక్షలవలన తేలినది. లోపల బంగారము లేనేలేదు.

బంగారము పైపెట్టెకుండెను. 1007లో కెల్సు దేవాలయమునుండి కొలంబా మహాశయుని సువార్తగ్రంథమును దొంగలెత్తుకొనిపోయిరనియు, రెండు నెలల ఇరువది రాత్రులకు బంగారము ఊడ్వబడి మట్టిగడ్డక్రింద దొరకెననియు ఐరిషు చరిత్రలేఖకులు వ్రాసిరి. ఆ గ్రంథమిదియేయని పలువురి యభిప్రాయము. పందొమ్మిదవ శతాబ్దమున ఒక జిల్దుగాడు అంచులు కత్తిరించి చిత్రములకు గూడ నష్టము చేసెను. కాగితము చించినవారము మేమొక్కరమే కామని యూఱడిల్లుట సిగ్గుమాలిన పని.

మమ్ము కుదిపినది వేఱొకటి. లోకమునకు తాను తెచ్చినది సమాధానము గాదు, ఖడ్గమని ప్రభువు చెప్పినచోట, లాటినున 'గ్లాదియుం' అని యుండవలసినది. వ్రాయసకాడు 'గౌదియుం' అని వ్రాసెను. దాని యర్థము సంతోషము! ఇంకొకచోట ఒక పుటయంతయు రెండుమాఱులు పడినది. దానిని చించలేదు, అంచులయందు ఎఱ్ఱని సిలువగుఱుతులు వేసి వదలిరి. తోలు ప్రియమైనదగుటచే గావచ్చును. ఏమైనను ఆ పుట నేటికిని నిలిచియున్నది.

బడి తెఱవగానే ఆ బాలుని పిలిచి యీ చిత్రములను చూపితిమి. కాగితము చించుట మా తప్పని చెప్పితిమి. అతడు పిల్లులను చూచి నవ్వెను. ఎఱ్ఱని గుఱుతులవద్ద ఆగి, "అయ్యా, ఇది వ్రాసినవానిని వారి పెద్దలేమనిరండి?" అని యడిగెను. మేము బదులు చెప్పలేక, క్రొత్త కాగితమును రంగులపెట్టెను అతనియెదుట పెట్టితిమి.